చేదు మాత్రలు, చప్ప మాత్రలు

మా నాయన మిల్లు మేస్త్రీకి భయపడలేదు, పోలీసులకు భయపడలేదు, అమ్మకు మాత్రం కొద్దిగా భయపడేవాడు. అందరికంటే ఎక్కువగా సోమవారానికి భయపడేవాడు. ఆదివారం బాగానే ఉండేవాడు. మధ్యాహ్నం ఒక కునుకు తీసి లేచి, వీధిలో మంచం వేసుకుని, ఎదురింటి మామతో పులిమేక ఆడుతూ ఓడిపోయినప్పుడల్లా పెద్దగా నవ్వేవాడు. సోమవారం పొద్దున సంగు ఊదగానే ముఖం మారిపోయేది. సంగు అంటే మిల్లు సైరను, కోయంబత్తూరులో అందరం దాన్ని అలాగే అంటాం. బ్లో రూంలో అడుగుపెట్టిన రెండు మూడు గంటలకు రొమ్ము బిగుసుకునేది. తడి తువ్వాలు చుట్టి ఎవరో మెలిపెడుతున్నట్టు ఉంటుందనేవాడు. మంగళవారానికి కాస్త సడలేది, గురువారానికి మామూలుగా ఉండేది. పదిహేనేళ్లు ఇలా గడిచాక ఆయనకు వారంలో అన్నీ సోమవారాలే అయిపోయాయి.

బ్లో రూం అంటే పత్తి బేళ్లు విప్పి, దులిపి, చెత్తనూ దుమ్మునూ వేరు చేసే చోటు. పత్తి ముందుకు పోతుంది, దుమ్ము అక్కడి మనుషుల్లోకి పోతుంది. నాయనా, ఎదురింటి మామా ఒకే రోజు ఆ గదిలో చేరారు, ఒకే షిఫ్టు. ఇద్దరికీ కనురెప్పల మీద కూడా తెల్లటి నూగు ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని వేలితో తుడిచి ఊదేదాన్ని, అదొక ఆట నాకు.

సింగానల్లూరు వైపు మిల్లు వెనక రెండు వరసల లైనిళ్లు మావి. అన్ని ఇళ్లలోనూ తెలుగే. ఎప్పుడొచ్చారని పెద్దవాళ్లను అడిగితే రాజుల కాలంలో అని చేయి ఊపేసేవారు. బడిలో తమిళం, మిల్లులో తమిళం, దేవుడితో కూడా తమిళమే. తిట్టుకోవడానికీ ఏడవడానికీ తెలుగు. మిల్లు ఓనరు ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారని వినేవాళ్లం గానీ ఆ తెలుగుకూ మా తెలుగుకూ ఎప్పుడూ పలకరింపుల్లేవు.

మా ఇంట్లో కూర ఉడికితే అందులో సగం వీధి దాటి మామ ఇంటికి పోయేది. వాళ్ల సగం మా ఇంటికి వచ్చేది. ఇంత తిప్పలెందుకు, ఎవరి కూర వాళ్లే తినొచ్చు కదా అని ఒకసారి అన్నందుకు అమ్మ నా నెత్తిన మొట్టింది. అమ్మ అదే మిల్లులో నూలు కండెలకు చుట్టే కోన్ వైండింగులో చేసేది. పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే మామ భార్య, నేను అత్త అని పిలిచే ఆవిడ, మా అరుగు మీదికి వచ్చేది. ఇద్దరూ కూర్చుని ఆ రోజు ఎవరు ఎవరిని ఏమన్నారో పూస గుచ్చినట్టు చెప్పుకునేవాళ్లు.

రొమ్ము పట్టేసిన వాళ్లకు కంపెనీ మందు ఒకటుండేది. నోట్లో పెట్టుకుని నొక్కితే గాలిలా లోపలికి పోయేది. మా లైన్లో దాన్ని చూసినవాళ్లున్నారు, కొన్నవాళ్లు లేరు. మిల్లు డిస్పెన్సరీలో ఏ రోగానికైనా ఎర్ర సీసా నీళ్లే పోసేవారు. మేం కూడా దాన్ని మందనే అనుకుని తాగేవాళ్లం.

నేను పన్నెండో తరగతి పాసై ఇంట్లో కూర్చుని అమ్మ చేత రోజూ తిట్లు తింటున్న రోజుల్లో మదురై నుంచి యూనివర్సిటీ వాళ్లు వచ్చారు. వాళ్లకు పెద్ద ఒక ప్రొఫెసరమ్మ. నలభై ఏళ్లుంటాయి, నూలు చీర, కాళ్లకు మగవాళ్ల చెప్పులు. నల్లరేగడి నేలల్లో పొలాలున్న ఇంటి ఆడబిడ్డ. ఆమె ఇంటి భాషా తెలుగే. మొదటి రోజే మా అరుగు మీద కూర్చుని అమ్మతో తెలుగులో మంచినీళ్లడిగింది. అంత చదువుకున్న మనిషి మన మాట మాట్లాడటం అమ్మ అదే మొదటిసారి వినడం. చెంబు బదులు బిందెడు నీళ్లు తెచ్చి పెట్టింది.

ప్రొఫెసరమ్మ వాళ్లు కంచెల్లో పెరిగే ఒక ఆకు నుంచి మాత్ర చేశారు. మిల్లు దగ్గుకూ రొమ్ము బిగింపుకూ అది పని చేస్తుందని ఆమె నమ్మకం. ఇళ్లిళ్లూ తిరిగి కార్డులు రాయడానికి, తమిళమూ తెలుగూ రెండూ వచ్చిన ఆడపిల్ల కావాలంది. అమ్మ నన్ను ముందుకు తోసింది. అలా నాకు జీవితంలో మొదటి ఉద్యోగం దొరికింది.

కార్డుల్లో గళ్లు ఎలా నింపాలో నేర్పుతూ ఆమె నాకొక సంగతి చెప్పింది. "యూనివర్సిటీల్లో చానా మందులు పుడతాయి కణ్ణూ. పుట్టంగానే కంపెనీలకి దత్తు ఇచ్చేస్తాం. ఆమీద అవి మీ గడప తొక్కవు. దీన్ని మాత్రం నేనట్ల పోనివ్వను. ఎవరు చేసినా సరే, మిల్లు కూలోడు కొనుక్కోగలిగిన వెలకే అమ్మాలని యూనివర్సిటీ చేత కాగితం రాయిస్తాను. అయితే పెద్దల సభలో నా మాట నిలవాలంటే మందు పని చేస్తాదని ముందు చూపించాల. ఊరికే నోటితో చెప్తే వాళ్లు వినరు."

చూపించడం అంటే ఆరు నెలల పరీక్ష. చేరినవాళ్లలో సగంమందికి మందున్న మాత్రలు, సగంమందికి అచ్చం అలాగే కనిపించే, మందు లేని మాత్రలు. సీసాల మీద నంబర్లే ఉంటాయి. ఎవరిది ఏదో ఇచ్చే మాకు కూడా తెలియదు. చివర్లో రెండు రకాలవాళ్ల ఊపిరినీ కొలిచి చూస్తారు. కొలవడానికి ఊదే గొట్టం ఉండేది, ఊదితే ముల్లు కదిలేది.

యూనియన్ ఆఫీసు రేకుల షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి ఒప్పుదల కాగితం చదవడం నా పని. కాగితం ఇంగ్లీషులోనూ, గ్రాంథిక తమిళంలోనూ ఉంది. నేను మా ఇంటి తెలుగులో చెప్పాలి. ముందురోజే ఇంట్లో మూడుసార్లు చదువుకున్నాను. సగంమందికి మందుండదని దాచకుండా చెప్పాను.

ఎదురింటి మామ చేయెత్తాడు. "అట్లంటే లాటరీనా పాపా?"

"అట్లనే అనుకో మామా."

"నా యోగం తెలిసిందే గదా. నాకి సున్నపు ముక్కే వస్తాది," అన్నాడు. షెడ్డంతా నవ్వారు. నాయన అందరికంటే ఎక్కువగా నవ్వి, దగ్గు తెరలో ఇరుక్కుని, నీళ్లు తాగాడు.

కాగితంలో ఆఖరి పేరా ఒకటుంది. మందు పని చేస్తుందని తేలితే, పరీక్షలో చేరిన అందరికీ, ముందుగా మందు లేని మాత్రలు వచ్చినవాళ్లకు, కావలసినన్నాళ్లు యూనివర్సిటీయే ఉచితంగా ఇస్తుందని దాని సారాంశం. నేను దాన్ని చదవలేదు. మరిచిపోయి కాదు, కావాలనే మానేశాను. మిల్లు వాళ్లు దుమ్ము పీల్చే ఫ్యాను పెడతామన్నారు, కక్కసులు కట్టిస్తామన్నారు, ఓట్లప్పుడు వచ్చినవాళ్లు ఇంకేమేమో చేస్తామన్నారు. ప్రతిసారీ మా వాళ్లు నమ్మి, నెలల తరబడి ఆ మాటే చెప్పుకుని మురిసిపోయేవాళ్లు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. మదురై నుంచి వచ్చినావిడ ఎంత మంచిదైనా ఆరు నెలల తర్వాత మా మొహం ఎవరు చూస్తారు, ఇంకో ఆశ వీళ్ల నెత్తిన ఎందుకు పెట్టాలి అనుకున్నాను. ఆ షెడ్డులో అందరికంటే తెలివైనదాన్ని నేనేనని గట్టి నమ్మకం. కాగితం మడిచి, సంతకాలు పెట్టండన్నాను. సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి.

మూడు వారాలకు నాయన మారాడు. ముందు నిద్ర వచ్చింది. తర్వాత ఆకలి వచ్చింది. ఊదే గొట్టంలో ముల్లు ఎప్పుడూ చూడనంత దూరం పోయింది. ఒక సాయంత్రం షిఫ్టు దిగి, మధ్యలో టీకొట్టు బల్ల మీద కూలబడకుండా, గేటు నుంచి ఇంటిదాకా ఒక్క నడకలో వచ్చేశాడు. ఏళ్లుగా ఆ బల్ల మీద కూర్చోకుండా ఇల్లు చేరిన రోజు లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఇంత తొందరగా వచ్చేసినావే, పని ఎగ్గొట్టినావా అని కసురుకుంటూ లోపలికి పోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ రాత్రి నాయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. నాకు ఆ రోజున్నంత సంతోషం మళ్లీ ఎప్పుడూ లేదు.

మామ మాత్రం బల్ల మీద కూర్చుంటూనే ఉన్నాడు.

మామకు ఏదైనా నమిలే అలవాటు. ఆకువక్క, లేకపోతే పచ్చి బియ్యం, అదీ లేకపోతే అగ్గిపుల్ల. మాత్రను కూడా ఒకరోజు మింగకుండా నమిలాడు. గోధుమపిండిలా చప్పగా ఉందన్నాడు. నాయన తనది ఒకటి కొరికి చూసి తుపుక్కున ఉమ్మాడు, విషంలా చేదు. అంతే, వారం తిరిగేసరికి లైన్లో ప్రతివాళ్లూ తలా ఒకటి కొరికి చూశారు. చేదు ఇళ్లేవో చప్ప ఇళ్లేవో అందరికీ తెలిసిపోయింది. మదురైలో ప్రొఫెసరమ్మ ఇనప బీరువాలో దాచి తాళం వేసిన రహస్యం మా లైన్లో పిల్లలు పాటలా పాడుకుంటూ తిరిగారు.

అత్త మాతో పోట్లాడి ఉంటే బాగుండేది. ఒక్క మాటా అనలేదు. మా అరుగు మీదికి రావడం మానేసింది. కూర గిన్నె పంపిస్తే తీసుకుంది, తిరిగి పంపించింది, గిన్నె పట్టుకుని వచ్చిన నా మొహం మాత్రం చూడలేదు. అమ్మ రోజూ సాయంత్రం అరుగు మీద ఒక్కతే కూర్చుని ఎదురింటి తలుపు వైపు చూసేది. లోపలి నుంచి మామ దగ్గు వినిపించేది. నాయన దగ్గు ఆగిపోయింది కాబట్టి ఆ దగ్గు ఇంకా గట్టిగా వినిపించేది.

జూలై నడుమ ఆడి నెల వచ్చింది. ఆ నెలలో ఒక శుక్రవారం మారియమ్మకు కూళు, అంటే రాగి అంబలి, పోస్తాం. ప్రతి ఇంటి నుంచీ చేతనైనంత రాగిపిండి తెచ్చి ఒకే అండాలో పోస్తారు. ఒకరు పడి కొలత నిండా తెస్తారు, ఒకరు గుప్పెడు తెస్తారు. పోసిన తర్వాత అది ఎవరిదీ కాదు. ఎవరెంత తెచ్చారని అడగకూడదు, అందరికీ ఒకే గరిటెతో ఒకే కొలత. నేను పుట్టకముందు నుంచీ అదే పద్ధతి. ఆ సంవత్సరం కూళు తాగడం అయ్యాక, పట్టపగలు, గుడి ముందు, అమ్మ లేచి నిలబడి, బోర్లించిన రెండు గిన్నెలు తిప్పి పెట్టింది.

"పిండిని ఒకటిగా పోసుకోని తాగతా ఉండాము. మూచ్చుని మాత్రం ఇంటికొకటిగా పెట్టుకుంటే ఈ తల్లి మెచ్చుతాదా? చేదుది ఈ గిన్నెలో పొయ్యండి, చప్పది ఆ గిన్నెలో పొయ్యండి. తలా ఇన్నిన్ని పంచుకుందాం. పొద్దున చేదు, సాయంత్రం చప్ప."

మూచ్చు అంటే మా మాటలో ఊపిరి.

ఎవరూ కాదనలేదు. చేదు ఇళ్లవాళ్లు కూడా కాదనలేదు, అదే నన్ను ఇప్పటికీ ఏడిపిస్తుంది. ముందుగా నాయనే వెళ్లాడు. ఇంట్లోంచి సీసా తెచ్చి, మూత తీసి, గిన్నెలో వంచాడు. మాత్రలు టపటపా పడ్డాయి. సీసా అడుగున అంటుకున్న ఒకటి రాలేదు, దాన్ని కూడా అరచేతిలో తట్టి తీసి వేశాడు.

కార్డుల కట్ట చంకలో పెట్టుకుని నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఇది తప్పని నాకు తెలుసు. సగం మాత్ర సగం మందు కాదని, ఇలా చేస్తే ఆ కొలతలకు అర్థం ఉండదని ప్రొఫెసరమ్మ నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. నాయన పక్కకు వెళ్లి చెవిలో అన్నాను, "నాయనా, నీకి బాగవతా ఉండాది గదా. నీది నువ్వు మింగు. చెప్తే వింటారు వీళ్లు."

నాయన మామ వైపు చూశాడు. మామ గుడి మెట్టు మీద కూర్చుని, కూళు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తాగడానికి ఊపిరి చాలక ఆగి ఆగి తాగుతున్నాడు. "వాడు నా ఎదరా కూసోని అట్ల గసపెడతా ఉంటే, నేను చాటుగా పొయ్యి మింగేదా? నా గొంతులో దిగతాదా అది?" అన్నాడు నాయన.

ఆరు నెలలు ఆగితే మామకూ వస్తుంది, కాగితంలో రాసుంది అని ఆ క్షణంలో నేను చెప్పాలి. నోటిదాకా వచ్చింది. అంత ముఖ్యమైన సంగతి ఆ రోజు ఎందుకు చదవలేదని అందరూ అడుగుతారు. ఏమని చెప్పను? పైగా ఆ రోజుకీ నేను ఆ పేరాను నమ్మడం లేదు. నమ్మనిదాన్ని పట్టుకుని మామ నోటి దగ్గరి మాత్ర లాక్కోలేకపోయాను. అత్త లేచి వచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ గుడి ముందే ఏడ్చారు. ఆ సాయంత్రం అత్త మళ్లీ మా అరుగు ఎక్కింది.

తర్వాత ప్రతి నెలా సీసాలు వచ్చాయి, ప్రతి నెలా రెండు గిన్నెల్లో పడ్డాయి. నేను శనివారాలు కార్డులు రాశాను. 'చెప్పిన ప్రకారం మింగారు' అనే గడిలో టిక్కు పెట్టాను. ఇంటింటికీ తిరిగి, అందమైన టిక్కులు పెట్టాను.

నాయన మెల్లగా మళ్లీ వెనక్కి పోయాడు. ముల్లు ఒక్కో నెలా కొంచెం కొంచెం తగ్గింది. అక్టోబరులో ఐప్పసి వానలు పట్టేసరికి టీకొట్టు బల్ల దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. మామ కొన్నాళ్లు కొద్దిగా తెప్పరిల్లినట్టు కనిపించి, ఆ తర్వాత ముందటిలాగే అయ్యాడు. చేదు ఇళ్లూ చప్ప ఇళ్లూ ఒక్కటైపోయాయి. ఒకసారి కార్డులు తిరగేస్తూ ప్రొఫెసరమ్మ కళ్లజోడు తీసి నన్నడిగింది, "మొదటి నెల కొంచెం మందికి ముల్లు అంత బాగా ఎక్కింది, ఆమీద ఎందుకిట్లా పడిపోయింది? అందరూ ఒక్కటి కూడా విడవకుండా మింగతా ఉండారా?"

"మింగతా ఉండారమ్మా," అన్నాను. అందులో అబద్ధం లేదు. మా లైన్లో ఒక్క మాత్ర కూడా నేల పాలు కాలేదు.

పరీక్ష ముగిశాక ఆమె ఒక్కతే బస్సులో వచ్చింది. దారిలో కొన్న సిరుమలై అరటిపళ్ల గెల ఒకటి తెచ్చింది. రేకుల షెడ్డులో నిలబడి, ఈసారి నా సాయం లేకుండా తనే చెప్పింది. "మందున్నోళ్లకీ లేనోళ్లకీ ఏం తేడా కనపడలేదు. నా మందు పని చెయ్యలేదు. ఆరు నెలలు మీకు శ్రమ ఇచ్చినాను. మన్నించండి." అని అందరికీ చేతులు జోడించింది. మా వాళ్లలో చేతులు జోడించి మన్నింపు అడిగించుకున్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఏం చేయాలో తెలియక తిరిగి దండాలు పెట్టారు. నాయన లేచి వెళ్లి, "ఉండనీమ్మా, నువ్వు చేసింది నువ్వు చేస్తివి," అని ఆమెనే ఓదార్చాడు.

నేను పళ్లు పంచుతున్నాను. నోరు తెరవడానికి అదే ఆఖరి సమయమని తెలుసు. పిరికిదాన్ని. ఒప్పుకుంటే అమ్మ పేరు బయటికి వస్తుంది, నా టిక్కులు బయటికి వస్తాయి, లైనంతా దొంగలుగా నిలబడాలి అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా సంగతే నాకు ఎక్కువ. ఆమె వెళ్లేటప్పుడు నా భుజం తట్టి, బాగా పని చేశావు, ఇంకా చదువుకో అని వెళ్లింది.

మామ సంక్రాంతి తర్వాత తై నెలలో పోయాడు. నాయన ఇంకో రెండు నెలలకు వచ్చే పంగుని దాటలేదు. ఆఖరి రోజుల్లో పడుకోలేకపోయేవాడు. మోకాళ్ల మీద దిండు పెట్టుకుని, దాని మీద ముందుకు వాలి కూర్చునేవాడు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య చాలాసేపు పట్టేది. ఒక మధ్యాహ్నం నేను వీపు రాస్తుంటే అన్నాడు, "ఆ కొన్ని... వారాలు... బాగుండె పాపా." తిట్టినా బాగుండేది నాకు. ఆయన వీపు మీద చేయి అలాగే ఉంచి ఏడ్చాను, ఆయనకు వెనక్కి తిరిగి చూసే ఓపిక లేదు కాబట్టి తెలియలేదు.

నాయన పోయిన కొన్ని నెలలకు అమ్మ దగ్గడం మొదలుపెట్టింది. మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేది. అప్పుడు గానీ నాకు మదురై పోవడానికి కాళ్లు రాలేదు. మదురై పోతున్నానని అమ్మకు చెప్పి పొద్దున బస్సెక్కాను. ఉడుమలైపేట దాటేదాకా ఎలా మొదలుపెట్టాలో మాటలు కూర్చుకున్నాను, పళని దాటాక అవన్నీ మరిచిపోయాను.

ప్రొఫెసరమ్మ తన గదిలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నన్ను చూసి సంతోషించి కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేశాను. చేదు, చప్ప, గుడి ముందు గిన్నెలు, నా టిక్కులు. నేను ఆగాక ఆమె లేచి, బీరువా తీసి, మా కార్డుల కట్టలు కింద పెట్టుకుని నేల మీద కూర్చుంది. మొదటి నెల అంకెలు మాత్రమే ఒక కాగితం మీద పెన్సిలుతో ఎక్కిస్తూ పోయింది. మందున్నవాళ్లు ఒక పక్క, లేనివాళ్లు ఒక పక్క. చాలాసేపు పట్టింది. చివరికి కాగితాన్ని నా వైపు తిప్పింది. ఒక పక్క అంకెలు దాదాపు అన్నీ పైకి పోయాయి. రెండో పక్కవి ఉన్నచోటే ఉన్నాయి. చదువు లేనివాళ్లకు కూడా తెలిసిపోయేంత తేడా.

"నేనే సరిగ్గా చెయ్యలేదనుకుంటిని," అంది. "ఏడాదిగా అదే అనుకుంటా ఉండాను." తర్వాత అడిగింది, "ఆఖరి పేరా వాళ్లకి చదివి చెప్పినావా? అందరికీ ఇస్తామని ఉండింది గదా."

"లేదమ్మా."

"ఏం?"

"నమ్మలేదు నేను."

"నన్నా?"

"ఎవర్నీ నమ్మలేదమ్మా."

ఆమె నన్ను తిట్టలేదు. మా అమ్మకు ఇప్పుడు రొమ్ము పడుతోంది, కొన్ని మాత్రలైనా ఇప్పించమని అడిగాను. మాత్రలిక లేవంది. ఫలితం లేని మందని యూనివర్సిటీ సభ రాసి మూసేసిందట. మిగిలిన మాత్రల్ని కాల్చేశారట. ఆకు పెంచిన తోట పీకి అక్కడ హాస్టలుకు పునాదులు తీశారట. పరీక్షకు డబ్బిచ్చినవాళ్లు దాన్ని ఇంకో పనికి మార్చుకున్నారు. ఉత్త ఆకు నమిలితే ఆ మందు దిగదని, దాన్ని తీయడానికి ఆ యంత్రాలూ ఆ మనుషులూ కావాలని చెప్పింది. "మళ్లీ తెరవమని రాస్తాను. నీ కార్డులు తప్పని కూడా రాయాల్సి వస్తాది. రాయనా?" అని అడిగింది. రాయమన్నాను. ఆమె రాసింది. ఒకసారి కాదు, మూడుసార్లు రాసింది. కార్డులు తప్పైన పరీక్షలో మొదటి నెల మాత్రం ఎలా ఒప్పవుతుందని సభ వాళ్లు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే.

ఇల్లు చేరేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఏమన్నది ఆయమ్మ అని అడిగింది. దాచడం చేతకాక, దాచి దాచి అలసిపోయి, అన్నీ చెప్పాను. మాత్ర మంచిదేనని, పంచుకోవడం వల్లే మందు చెడ్డదని తేలిందని, ఆరు నెలలాగితే అందరికీ వచ్చేదని, ఆ మాట చదవనిది నేనేనని. అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టించుకోవాలనే చెప్పాను కూడా.

అమ్మ ఎదురింటి తలుపు వైపు చూస్తూ కూర్చుంది. లోపల అత్త ఒక్కతే పొయ్యి ఊదుకుంటోంది. అమ్మకు దగ్గొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని, అది తగ్గేదాకా ఆగి, నా చేయి పట్టుకుని గొంతు తగ్గించి చెప్పింది.

"మళ్లా పో పాపా ఆయమ్మ దెగ్గిరికి. ఈ తూరి తప్పు చెయ్యనని చెప్పు. నాకొక్కదానికే ఇమ్మను. ఎవురికీ పంచను. అత్త వొచ్చి గడపలో నిల్సుకున్నా సరే, తలుపేసుకోని నేనే మింగుతానని చెప్పు."

అమ్మ నోట అలాంటి మాట నేనెన్నడూ వినలేదు. మందు ఇక లేదనే సంగతి ఒక్కటే చెప్పకుండా మిగిల్చానని అప్పుడే తెలిసింది.

"శరిమా, రేపు పోతాను," అన్నాను.